మెదడుకు కరెంటు పెట్టే కిట్: పది వారాలు వాడాక చెబుతున్నా

ముందు ఒక్క విషయం చెప్పేస్తాను, మిగతాది చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. ఏకాగ్రత పెంచుతుందంటూ అమ్మే ఈ కిట్ ఆన్ చేసి, రెండు స్పాంజుల్లో ఒకటి తలకి కట్టుకుని రెండోది బల్ల మీద పెట్టాను. అంటే దారి తెగిపోయింది, కరెంటు పారే అవకాశమే లేదు. అయినా డిస్‌ప్లే మీద 2.0 అని ఠీవిగా కనబడుతూనే ఉంది. టైమర్ 20 నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయింది, చివర్లో సెషన్ పూర్తయిందని బీప్ కూడా కొట్టింది. ఆ రోజు ఏకాగ్రత పెరిగి ఉంటే మా బల్లకే పెరిగి ఉండాలి.

ఐదులో రెండు స్టార్లు. ఆ రెండు కూడా ఎందుకిచ్చానో కింద చెబుతాను.

తెలియనివాళ్ల కోసం: దీన్ని టీడీసీఎస్ అంటారు. తల మీద రెండు చోట్ల ఉప్పునీళ్లతో తడిపిన స్పాంజులు పెట్టి, వాటి మధ్య ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల డీసీ కరెంటు 20 నిమిషాల పాటు పంపడం, అంతే. షాక్ ట్రీట్‌మెంట్‌తో దీనికి సంబంధం లేదు, అక్కడ వందల రెట్లు ఎక్కువ కరెంటు పెట్టి, మత్తిచ్చి, ఫిట్స్ తెప్పిస్తారు. ఇది 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. ఫిట్స్ రావు, మూర్ఛ రాదు, చాలాసార్లు ఏమీ రాదు.

నేను ఎందుకు కొన్నానంటే, సాయంత్రం అయ్యేసరికి నా బుర్ర ముద్దయిపోతుంది. పగలంతా పనిచేసి, రాత్రి ఒక పరీక్షకి చదువుకోవాలి, పేజీ చివరికి వచ్చేసరికి పేజీ మొదట్లో ఏముందో గుర్తుండదు. సరిగ్గా అలాంటి మనిషి బలహీనత మీద కొట్టేలా ఉంటాయి ఈ ప్రకటనలు. పైగా నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ (కరెంటు, వోల్టేజి కొలిచే మీటరు) ఉంది, సర్క్యూట్ అంటే భయం లేదు, కాబట్టి మిగతావాళ్లకంటే నేను తెలివిగా వాడగలనని ఒక పొగరు. ఇంతకీ మల్టీమీటర్ తీసింది ఏడో వారంలో. అంతవరకూ డిస్‌ప్లేనే నమ్మాను.

పెట్టెలో వచ్చేవి ఇవి: అరచేతిలో పట్టే కంట్రోలర్, ఎర్ర వైరు (ప్లస్) ఒకటి, నల్ల వైరు (మైనస్) ఒకటి, కార్బన్ రబ్బరు ఎలక్ట్రోడ్లు రెండు, వాటిని దూర్చే స్పాంజు తొడుగులు నాలుగు, సాగే హెడ్‌బ్యాండ్, ఒక మాన్యువల్. కంట్రోలర్ మూత విప్పి చూశాను (వారంటీ స్టిక్కర్ చింపాల్సి వచ్చింది, ఆ సంగతి తర్వాత). లోపల ఎల్ఎం334 అనే చిప్ ఉంది. ఇది చూసి నిజంగా సంతోషం వేసింది, మొదటి స్టార్ దానికే. ఎందుకంటే ఇంట్లో తయారుచేసుకునేవాళ్లలో చాలామంది ఎల్ఎం317 పెట్టేస్తుంటారు. అది మంచి చిప్పే, కానీ సరిగ్గా పనిచేయడానికి కొన్ని మిల్లీ ఆంపియర్లయినా లాగాలి దానికి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల దగ్గర దాని మాట నమ్మలేం. ఎల్ఎం334 అయితే మైక్రో ఆంపియర్ల నుంచి 10 మిల్లీ ఆంపియర్ల దాకా చేసే పనికే పుట్టింది. ఇంకొందరు మహానుభావులు చిప్ గిప్ ఏమీ లేకుండా బ్యాటరీకి ఒక రెసిస్టర్ తగిలించి తలకి పెట్టుకుంటారు, వాళ్లకో దండం.

ఇలాంటి చిప్ చేసే పని ఏమిటంటే, చర్మం నిరోధం మారుతున్నా కరెంటు మారకుండా చూడటం. స్పాంజు తడిగా ఉంటే తక్కువ వోల్టేజి, కాస్త ఆరితే ఎక్కువ వోల్టేజి, అలా సర్దుకుంటూ పోతుంది. కానీ సర్దుకోవడానికి దాని చేతిలో ఉన్నది 9 వోల్టులే. 2 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే దారి మొత్తం కలిపి 4.5 కిలో ఓమ్‌లు దాటకూడదు, చిప్ తన వాటాగా తినేది, బ్యాటరీ వాడగా వాడగా తగ్గేది తీసేస్తే 4 కూడా కష్టమే. పొడి చర్మం, దట్టమైన జుట్టు, సగం ఆరిన స్పాంజు కలిస్తే 4 దాటడానికి ఎంతసేపు? అక్కడి నుంచి చిప్ చేతులెత్తేస్తుంది, కరెంటు పడిపోతుంది. పడిపోవడం తప్పు కాదు. పడిపోయిందని చెప్పకపోవడం తప్పు. వైరుకి మధ్యలో మల్టీమీటర్ పెట్టి చూస్తే మొదట్లో 1.9 ఉన్నది పన్నెండో నిమిషానికి 1.2కి దిగింది, డిస్‌ప్లేలో మాత్రం అదే 2.0. మళ్లీ మూత విప్పి సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతల వెంట వేలు పెట్టి చూసుకుంటూ పోతే అర్థమైంది, డిస్‌ప్లే చదివేది నాబ్ ఎక్కడ తిప్పి ఉందనేదాన్ని. తలలోంచి ఎంత పోతోందో కొలిచే తీగ ఒక్కటి కూడా లేదు. పెట్రోలు ట్యాంకులో ఎంతుందో చూపించాల్సిన ముల్లు, మీరు ఎంత పోయమన్నారో చూపిస్తే ఎలా ఉంటుంది?

ల్యాబుల్లో వాడే మెషీన్లు ఇలా ఉండవు. అవి నిరోధాన్ని నిమిషనిమిషం చూపిస్తాయి, హద్దు దాటితే ఆగిపోతాయి. ఇదొక్కటి పెట్టి ఉంటే ఈ రివ్యూలో సగం రాసేవాణ్ని కాదు.

ఇక స్పాంజుల గురించి. సైజు సరైనదే, 5 సెంటీమీటర్లకి 7, అంటే 35 చదరపు సెంటీమీటర్లు, పరిశోధనల్లో ఎక్కువగా వాడేది అదే. వీటిని ఎంత తడపాలనేది ఒక విద్య. తక్కువ తడిపితే మంట. ఎక్కువ తడిపితే నీళ్లు కారి, కనుబొమ్మ మీదుగా కంట్లోకి ఉప్పునీళ్లు, మెడ వెనక చొక్కా తడి, అంతకంటే ముఖ్యంగా రెండు స్పాంజుల మధ్య తడి జుట్టే దారి అయిపోతుంది. కరెంటు బద్ధకస్తురాలు, లోపలికి వెళ్లే కష్టమెందుకని పైపైనే చర్మం మీద నుంచి అవతలి స్పాంజుకి వెళ్లిపోతుంది. అప్పుడు మల్టీమీటర్ కూడా 2.0 అనే చెబుతుంది, అది నిజమే, కానీ పోయింది మెదడు గుండా కాదు, జుట్టు గుండా. నాకు కుదిరిన పద్ధతి: స్పాంజుని ముంచి, రెండు చేతుల మధ్య పెట్టి నొక్కి, ఇక చుక్క కారదనుకున్నాక మూల మీద ఇంకొక్కసారి నొక్కడం. మాన్యువల్లో గ్లాసు నీళ్లకు చెంచాడు ఉప్పు కలపమని ఉంది. అది చాలా ఎక్కువ. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాములే ఉంటుంది, గ్లాసుకి అర చెంచా కూడా అక్కర్లేదు. ఉప్పు పెరిగితే కరెంటు బాగా పోతుంది కదా అనుకుంటాం, కానీ ఒక హద్దు దాటాక చుర్రుమనడం పెరుగుతుంది.

హెడ్‌బ్యాండ్ ఇంకో తలనొప్పి, అక్షరాలా. "అందరికీ సరిపోయే సైజు" అని రాశారు, అలాంటి తల ఇంతవరకూ ఎవరికీ లేదు. స్పాంజులు పెట్టుకునే జేబులు ముందే కుట్టేసి ఉన్నాయి. ఏకాగ్రతకి ఎడమవైపు నుదుటి పైభాగంలో ఎఫ్3 అనే చోట ఎర్రది, కుడి కనుబొమ్మ పైన నల్లది పెట్టాలి. ఎఫ్3 ఎక్కడుందో కనుక్కోవడానికి 10-20 పద్ధతి అని ఒకటుంది: ముక్కు మొదట్లో గుంట దగ్గర నుంచి తల వెనక బుడిపె దాకా టేపు పెట్టి, ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గరికి ఇంకోసారి పెట్టి, పది శాతం ఇరవై శాతం లెక్కలు వేసుకుంటూ గుర్తులు పెట్టుకోవాలి. మొదటిసారి మా చెల్లి సాయంతో కొలిస్తే అరగంట పట్టింది, రెండుసార్లు గొడవ కూడా అయింది. కొలిచి చూస్తే బ్యాండ్‌లో జేబు నా ఎఫ్3 కంటే 3 సెంటీమీటర్లు వెనక పడుతోంది. 3 సెంటీమీటర్లంటే మెదడులో పక్క పేట కాదు, పక్క ఊరు.

కరెంటు మొదలైనప్పుడు ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. చీమలు పాకినట్టు, తర్వాత దురద, కొంచెం వెచ్చగా, నాలుగైదు నిమిషాలకి మర్చిపోతాం. కరెంటు ఒక్కసారిగా కాకుండా 30 సెకన్లలో మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది, రెండో స్టార్ దానికి. కానీ వైరు పిన్ను వదులు. ఒకసారి తల తిప్పితే ఊడిపోయింది, కళ్లు మూసుకునే ఉన్నా తెల్లగా ఒక మెరుపు. పిడుగు పడిందేమో అనుకున్నా. నుదుటి మీద ఎలక్ట్రోడ్ ఉన్నప్పుడు కరెంటు హఠాత్తుగా తెగితే కంటి రెటీనా ఉలిక్కిపడటం అది. ప్రమాదం కాదంటారు, కానీ మొదటిసారి గుండె ఆగినంత పనైంది.

ఇప్పుడు కాలిన సంగతి. నాలుగో వారంలో, కుడి కనుబొమ్మ పైన మంటగా ఉంటే ఓర్చుకున్నాను, మామూలే కదా అని. తీశాక మా చెల్లి చూసి, "అన్నయ్యా, నుదుటి మీద ఏంటది, బొట్టు పెట్టుకున్నావా?" అంది. గుండ్రంగా, కందిగింజంత, మధ్యలో గోధుమరంగు, చుట్టూ ఎరుపు. స్పాంజు తొడుగు తిరగేసి చూస్తే ఒక మూల అరిగిపోయి, రబ్బరుకి వైరు తగిలించే లోహపు గుండీ బయటికి తొంగి చూస్తోంది. డీసీ కరెంటుతో లోహం నేరుగా చర్మానికి తగిలితే వేడి వల్ల కంటే రసాయనం వల్ల కాలుతుంది. మైనస్ వైపు నీళ్లు విడిపోయి క్షారం తయారవుతుంది, సున్నం పడ్డట్టు తినేస్తుంది. పైగా 35 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకోవాల్సిన కరెంటు 2 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఆ ఒక్క చోట 17 రెట్లకు పైగా సాంద్రత. తమాషా ఏమిటంటే నన్ను కాపాడింది పైన నేను తిట్టిన 9 వోల్టుల హద్దే. ఎక్కువ వోల్టులు ఎక్కించే పెట్టె అయ్యుంటే 2 మిల్లీ ఆంపియర్లనూ ఆ చుక్కలోంచే తోసేసేది. మచ్చ పూర్తిగా పోవడానికి ఐదు వారాలు పట్టింది.

కంపెనీకి ఫొటో పెట్టి రాశాను. మూడు రోజులకి జవాబు: "ఉప్పు కొంచెం పెంచి, బ్యాండ్ ఇంకొంచెం బిగించి ప్రయత్నించండి." కాలిందన్నవాడికి ఇంకొంచెం గట్టిగా నొక్కి పెట్టుకోమని సలహా!

మాన్యువల్లో భద్రత గురించి ఒక పేజీ ఉంది, దాని నిండా పరిశోధనల గొప్పలు. అందులో అబద్ధం లేదు కూడా. 2016లో వచ్చిన ఒక సమీక్షలో 33,200కు పైగా సెషన్లు లెక్కలోకి తీసుకున్నారు, 40 నిమిషాల లోపు, 4 మిల్లీ ఆంపియర్ల లోపు మామూలు పద్ధతిలో చేసినప్పుడు తీవ్రమైన హాని గానీ, నయం కాని గాయం గానీ ఒక్కటి కూడా కనబడలేదు. మంచి మాటే. కానీ ఆ సెషన్లు నిరోధం కొలిచే మెషీన్లతో, కొత్త స్పాంజులతో, పక్కన ఒక మనిషి నిలబడి చేసినవి. వాళ్ల జాగ్రత్తని చూపించి మన పెట్టె అమ్ముకోవడం అంటే, పక్కింటివాడి మార్కుల కార్డు చూపించి పెళ్లిచూపులకి వెళ్లడం లాంటిది.

సరే, పనిచేస్తుందా లేదా? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

తలకి కరెంటు పెట్టడం కొత్తేం కాదు. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి బతికున్న విద్యుత్ చేపని నుదుటి మీద పెట్టమన్నాడు (ఆ చేపకి కూడా డిస్‌ప్లే లేదు, కానీ అది అబద్ధమైతే చెప్పదు). ఇప్పటి గోల మొదలైంది 2000లో, జర్మనీలో గోటింగెన్‌లో నిచ్చే, పౌలస్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంతో. చేతిని కదిలించే మెదడు భాగం మీద 1 మిల్లీ ఆంపియర్ పెడితే ప్లస్ వైపు ఆ భాగం చురుకవుతోందని, మైనస్ వైపు మందగిస్తోందని, కరెంటు ఆపాక కూడా కొన్ని నిమిషాలు అలాగే ఉంటోందని కొలిచి చూపించారు. అది గట్టి పని. దాని మీదే "ప్లస్ అంటే పెంచు, మైనస్ అంటే తగ్గించు" అనే సూత్రం పుట్టింది, నా కిట్ మాన్యువల్ ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. కానీ అదే గోటింగెన్ నుంచి 2013లో వచ్చిన ఇంకో ప్రయోగంలో కరెంటుని 2 మిల్లీ ఆంపియర్లకి పెంచి 20 నిమిషాలు పెడితే మైనస్ వైపు కూడా మెదడు మందగించడం మానేసి చురుకైంది. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాలేదు, తిరగబడింది. మాన్యువల్లో ఈ ముక్క లేదు.

ఇంకోటి, పుర్రె. న్యూయార్క్ యూనివర్సిటీలో పనిచేసే జ్యోర్జి బుజాకి, ఆయన తోటి పరిశోధకులు శవాల తలల మీద కొలిచి 2018లో ప్రచురించిన దాని ప్రకారం పెట్టిన కరెంటులో దాదాపు 75 శాతం చర్మం, దాని కింది కణజాలం, ఎముక దగ్గరే ఆవిరి. మిగిలింది లోపల ఎటు పోతుందనేది ఒక్కొక్కరి తలని బట్టి. నాది 2.0 కూడా కాదు, 1.2. అందులో పావు వంతు, అదీ 3 సెంటీమీటర్లు పక్కన. లెక్క మీరే వేసుకోండి.

తెలివి పెరగడం గురించైతే, 2015లో హార్వత్ అనే పరిశోధకుడి బృందం అంతవరకూ వచ్చిన ప్రయోగాలు కలిపి చూసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక్కో సెషన్ వల్ల ఆలోచనాశక్తి మీద నమ్మదగిన ప్రభావం ఏదీ కనబడలేదని తేల్చారు. దాని మీద చాలా వాదనలు జరిగాయి, వాళ్ల లెక్క పద్ధతి సరికాదన్నవాళ్లూ ఉన్నారు. గేమర్ల కోసమని అమ్మిన ఒక హెడ్‌సెట్‌ని నెదర్లాండ్స్‌లో లైడెన్ యూనివర్సిటీవాళ్లు పరీక్షించి 2016లో ఫలితం వేశారు: వర్కింగ్ మెమరీ (పని చేస్తుండగా విషయాల్ని కాసేపు బుర్రలో పట్టి ఉంచే శక్తి) పెరగలేదు సరికదా, తగ్గింది. ఆక్స్‌ఫర్డ్‌లో 2013లో చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. కొత్త అంకెల గుర్తులు నేర్పిస్తూ తల వెనక భాగంలో కరెంటు పెడితే త్వరగా నేర్చుకున్నారు, కానీ నేర్చుకున్నది అప్రయత్నంగా వాడటంలో వెనకబడ్డారు. ముందు భాగంలో పెడితే సరిగ్గా దీనికి తలకిందులు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసినట్టు. నా కిట్‌లో "లెక్కల మోడ్" అని ఒకటుంది, ఏ జేబు ఖాళీ అవుతుందో మాత్రం రాయలేదు.

డిప్రెషన్ సంగతి వేరు, అక్కడ నిజమైన వైద్య పరిశోధన నడుస్తోంది, దాన్నీ దీన్నీ కలిపేయకండి. అక్కడ కూడా ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి: 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన జర్మన్ ట్రయల్‌లో 160 మందికి మందులతో పాటు ఇస్తే ఉత్తుత్తి కరెంటుకీ దీనికీ తేడా లేదు. 2024లో నేచర్ మెడిసిన్ అనే ఇంకో పత్రికలో వచ్చిన 174 మంది ట్రయల్‌లో, ఇంట్లోనే 10 వారాలు, వీడియోలో వైద్య బృందం చూస్తుండగా వాడితే తేడా బాగానే కనబడింది. ఆ వీడియోలో చూసే మనిషి నా పెట్టెలో రాలేదు.

ఇవన్నీ చదివాక కూడా నాకొక మొండి నమ్మకం, నాకు మాత్రం పనిచేస్తోందని. నోట్‌బుక్‌లో రాసుకున్న స్కోర్లు పెరుగుతున్నాయి మరి. డ్యూయల్ ఎన్-బ్యాక్ అనే జ్ఞాపకశక్తి ఆట (ఎన్ని అడుగుల వెనక వచ్చింది గుర్తుపెట్టుకోగలమన్నదే స్కోరు) రోజూ ఆడేవాణ్ని, మొదటి వారంలో 2.3 ఉన్న సగటు ఆరో వారానికి 3.2 అయింది. "రోజూ ఆడితే ఎవరికైనా పెరుగుతుంది కదా అన్నయ్యా" అంది మా చెల్లి. ఆ ఒక్క మాటతో నా ఆరు వారాల నోట్‌బుక్ చెత్తబుట్ట పాలయింది. అప్పుడు పెట్టాం అసలు పరీక్ష, మల్టీమీటర్ కూడా అప్పుడే బయటికి తీశాను. కిట్‌ని నా వెనక చెల్లి చేతిలో పెట్టాను, డిస్‌ప్లే నాకు కనబడదు. ప్రతిరోజూ తను నాణెం ఎగరేస్తుంది, బొమ్మ పడితే నిజం కరెంటు, బొరుసు పడితే ఏమీ పెట్టదు. నేను 20 నిమిషాలు కూర్చుని, ఆట ఆడి, ఈరోజు కరెంటు ఉందో లేదో ఊహించి రాయాలి.

మొదటి నాలుగు రోజులూ నాలుగుకి నాలుగు సరిగ్గా చెప్పాను. గొప్పేం లేదు, దురద పెడితే ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు! అందుకే ల్యాబుల్లో ఉత్తుత్తి సెషన్‌లో కూడా మొదటి అరనిమిషం నిజం కరెంటు ఎక్కించి, దురద పుట్టించి, మెల్లగా దించేస్తారు. మేమూ అదే చేశాం. బొరుసు పడిన రోజున చెల్లి నాబ్ తిప్పి, 30 సెకన్లు ఉంచి, చడీచప్పుడు లేకుండా సున్నాకి తెచ్చేది. అద్దం చూసుకోవడం బంద్, ఎందుకంటే నిజం కరెంటు రోజున నుదురు ఎర్రబడుతుంది. కొత్త స్పాంజులు, ఎఫ్3 సరిగ్గా కొలిచి విడి పట్టీతో, నిజం రోజుల్లో 1.8 దాటే ఉందని చెల్లి మీటరు చూసి రాసుకునేది. అంటే కంపెనీ ఇచ్చినదానికంటే మెరుగ్గా చేసి, దానికి ఇవ్వగలిగినంత అవకాశం ఇచ్చాం.

అలా 16 సెషన్లు. 8 నిజం, 8 ఉత్తుత్తి, నాణెం దయవల్ల సమానంగానే పడ్డాయి. నిజం రోజుల సగటు 3.4. ఉత్తుత్తి రోజుల సగటు 3.5. కరెంటు ఉందో లేదో నేను సరిగ్గా ఊహించింది 16లో 9. కళ్లు మూసుకుని చెప్పినా 8 వస్తాయి. ఒక మనిషి మీద 16 సార్లు చేసింది పరిశోధన కాదు, అందరికీ ఇంతే అని నేననడం లేదు. కానీ నాకోసం కొన్న వస్తువు నా మీదే కదా పనిచేయాలి. కాగితం నా చేతికిస్తూ చెల్లి అన్న మాట: "స్కోర్లు నాకు తెలీదు గానీ అన్నయ్యా, కరెంటు పెట్టినా పెట్టకపోయినా పన్నెండో నిమిషానికి ఆవలిస్తున్నావు."

నా ఫ్రెండ్ ఒకడు చేతి చర్మం కింద ఎన్ఎఫ్‌సీ చిప్ (దగ్గర పెడితే తాళంచెవిలా పనిచేసే వైర్‌లెస్ చిప్) పెట్టించుకున్నాడు, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. బ్రిటిష్ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ 1998లో చేతిలో ఆర్ఎఫ్ఐడీ అనే అలాంటి చిప్పే పెట్టించుకుని తలుపులు తెరిచిన దగ్గర నుంచి ఈ పిచ్చి ఉంది. నేను వాణ్ని ఎగతాళి చేసేవాణ్ని, సూదితో గుచ్చుకుని మరీ తాళంచెవి మోస్తావా అని. ఇప్పుడు నోరెత్తడం లేదు. వాడు చెయ్యి పెడితే తలుపు తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. అక్కడ మోసానికి చోటు లేదు. తలకి పెట్టుకునే పెట్టె విషయంలో తెరుచుకునే తలుపేదీ లేదు, మనకి కనబడేది ఆ ఒక్క అంకె, అందుకే ఆ అంకె అబద్ధమైతే నాకంత కోపం.

ఎవరు దీని జోలికి పోకూడదో మాన్యువల్లో చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, నేను ఇక్కడ పెద్దగా చెబుతాను. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు, తలలో లోహపు ప్లేట్లు క్లిప్పులు ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు, అసలు వద్దు. మానసిక సమస్యలకి మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు, డిప్రెషన్ మందులు ఈ కరెంటు ప్రభావాన్ని మార్చేస్తాయి, డిప్రెషన్‌కి వాడుతున్నప్పుడు కొందరికి మూడ్ అవసరానికి మించి పైకి లేచిపోయిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. నొప్పులకి వాడే టెన్స్ మెషీన్లు ఉంటాయి కదా, వాటి ప్యాడ్‌లు తలకి పెట్టుకోవడం అనే తెలివి ఎవరికైనా వస్తే ఆపండి, అది పూర్తిగా వేరే రకం కరెంటు. ఇలా ఇంట్లో వాడేవాళ్లని ఉద్దేశించే 2016లో 39 మంది శాస్త్రవేత్తలు ఒక బహిరంగ లేఖ రాశారు. వాళ్లు మానేయమని కసురుకోలేదు, తమకి తెలియనివి ఏమిటో చెప్పారు. అదే కరెంటు, అదే చోటు, అయినా 30 శాతం మంది దాకా మెదడు స్పందన మిగతావాళ్లకి వ్యతిరేక దిశలో పోవచ్చని అందులో ఉంది. రోజూ నెలల తరబడి వాడితే ఏమవుతుందో ల్యాబులో ఎవరూ చూడలేదని కూడా. నేను పది వారాలు వాడాకే అది చదివాను, వరస తప్పు నాదే.

సోల్డరింగ్ వచ్చినవాళ్లు, ఇది విప్పి, మీటరు పెట్టి, పట్టీ మార్చి వాడుకుంటాం అంటారేమో. నేనూ అదే అనుకున్నా. అంత చేశాక వచ్చిన ఫలితం పైన ఉంది.

వాపసు తీసుకోమని రాశాను. డిస్‌ప్లే తప్పు చూపిస్తోందని వీడియో కూడా పెట్టాను, బల్ల మీద స్పాంజు, పెట్టె మీద 2.0, పక్కన మల్టీమీటర్ మీద సున్నా. వాళ్ల చివరి జవాబు యథాతథంగా: "వారంటీ స్టిక్కర్ చిరిగింది, స్పాంజులు తడిపారు, కాబట్టి వాపసు కుదరదు." తడపకుండా వాడే పద్ధతి ఏమైనా ఉందా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.